ఊరి రోడ్డు లారీలకు మూయించాలంటే: గేటు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న చదవని వాళ్ల కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తా. కడప జిల్లాలో ఎర్రగుంట్ల వైపు ఒక ఊరు, నల్లరేగడి నేల. రెండు పెద్ద రోడ్లను కలుపుతూ ఊరి మీదుగా ఆరు కిలోమీటర్ల బీటీ (తారు) రోడ్డు పోతుంది. సిమెంటు, బూడిద, నాపరాళ్ల లారీలు దాన్ని అడ్డదారిగా పట్టుకున్నాక రోడ్డు రోడ్డులా లేదు. రెండు చివర్లా గేట్లు పెట్టేద్దామని పెద్దోళ్లు, జేసీబీ తెచ్చి అడ్డంగా కాలువ తీసేద్దామని కుర్రాళ్లు అంటున్నారు. పంచాయతీకి ఆ అధికారం ఉందా, మూస్తే రోడ్డు నిలబడుతుందా అని అడిగారు. నేను పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో కడప, అనంతపురం రెండు జిల్లాల్లోనూ ఇవే రోడ్ల మీద పనిచేసి రిటైరైనవాణ్ని, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఓపిక పట్టండి.

జేసీబీ మాట ముందు తేల్చేద్దాం. వద్దు. పబ్లిక్ రోడ్డును బండి పోకుండా చెడగొడితే భారతీయ న్యాయ సంహిత 326 సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పాత ఐపీసీలో ఇదే 431. లారీ ఓనరు ఊరుకోడు, వాడికి వకీలు ఉంటాడు, కేసు పడేది ట్రెంచి పక్కన సెల్ఫీ దిగిన మీ కుర్రాళ్ల మీదే. పైగా ఆ గుంత సంగతి తెలిసిన లారీ అటు రాదు, తెలియకుండా రాత్రి తొమ్మిదికి ప్రొద్దుటూరు నుంచి బైకు మీద వచ్చే మీ ఊరి మనిషే అందులో పడతాడు. ముళ్లకంప, బండరాళ్లు, పాత కరెంటు స్తంభాలు అడ్డం వేయడం కూడా అంతే. శిక్ష చిన్నదైనా కేసు కేసే.

ఇక రెండు చివర్లా గేట్లు. పంచాయతీ తీర్మానంతో గేటు పెడితే అది నిలవదు. తీర్మానం పనికిరాదని కాదు, అధికారులకు పెట్టే అర్జీకి అదే ప్రాణం. కానీ బండ్లను ఆపే అధికారం మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్‌లో ఉంది, అది రాష్ట్ర ప్రభుత్వానిది లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన అధికారిది. ఆ సెక్షన్ ఒకసారి తెలుగులో చెప్పుకుంటే మీకే దారి కనిపిస్తుంది: ప్రజల భద్రత కోసమో, సౌకర్యం కోసమో, లేదా ఆ రోడ్డు గానీ వంతెన గానీ ఉన్న తీరును బట్టో, ఫలానా రకం బండ్లు ఫలానా రోడ్డు మీద తిరగకూడదని గెజిట్‌లో ప్రకటించొచ్చు, అందులో మినహాయింపులూ షరతులూ పెట్టొచ్చు, ప్రకటించాక బోర్డులు పెట్టి తీరాలి. కింద ఇంకో వాక్యం ఉంది, చాలామంది అక్కడిదాకా చదవరు. నెల రోజులకు మించని నిషేధమైతే గెజిట్ అక్కర్లేదు, స్థానికంగా వీలైనంత ప్రచారం చేస్తే సరిపోతుంది. దీని గురించి కింద మళ్లీ చెప్తా.

ఉత్తర్వు ఉండడానికీ లేకపోవడానికీ డబ్బుల్లో తేడా చూడండి. ఊరికే రోడ్డు మీద బోర్డు ఉంది, లారీ దాన్ని ఖాతరు చేయలేదు అంటే 177 సెక్షన్ కింద మొదటిసారి 500 రూపాయలు. లారీవాడికి అది టీ ఖర్చు. అదే 115 కింద ఉత్తర్వు ఉండి దాన్ని మీరితే 194 సెక్షన్ వర్తిస్తుంది, 2019 సవరణ తర్వాత చట్టంలో అది 20,000 రూపాయలు. ఓవర్‌లోడు కూడా ఉంటే టన్నుకు ఇంకో 2,000. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చు కూడా వాడిదే. కాబట్టి కాగితం తెచ్చుకోకుండా ఇనుపగేటు మీద డబ్బు పెట్టకండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ రోడ్డును పాడు చేస్తున్నది బయటి బండ్లు అన్నారు. బయటివీ లోపలివీ అన్నది రోడ్డుకు తెలియదు, దానికి తెలిసింది యాక్సిల్ బరువు, అంటే ఒక్కో ఇరుసు మీద పడే బరువు ఒక్కటే. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒట్టావా అనే ఊరి దగ్గర రోడ్డు వేసి, దాని మీద లారీలు తిప్పి తిప్పి చెడిపోయేదాకా చూశారు. అక్కడ తేలింది ఏమిటంటే యాక్సిల్ మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లు. నాలుగో ఘాతం సూత్రం అంటారు. ఇప్పటికీ మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతుల్లో లెక్క దాని మీదే నడుస్తుంది. లెక్కకు కొలమానంగా పెట్టుకున్న ఒక స్టాండర్డ్ యాక్సిల్ అంటే 8.16 టన్నులు. ఆల్టో కారు యాక్సిల్ అర టన్ను చుట్టుపక్కల ఉంటుంది, మీ ఊళ్లో కార్లన్నీ కలిపి ఏడాది పొడుగునా తిరిగినా ఒక్క లోడు లారీ చేసే నష్టం దరిదాపులకు రావు.

దీన్ని మీ రోడ్డుకు అన్వయిద్దాం. పల్లె రోడ్లను ఆ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ ఎస్‌పీ 72 అనే పుస్తకం ప్రకారం డిజైన్ చేస్తారు, పదేళ్లలో ఎన్ని స్టాండర్డ్ యాక్సిళ్లు మీద నుంచి పోతాయో చూసి టీ1, టీ2 అని తరగతులు పెడతారు. ఎక్కువ పల్లె రోడ్లు కింది తరగతుల్లోనే ఉంటాయి. మీది టీ3 అనుకుందాం, అంటే పదేళ్లకు లక్ష లోపు. పది టైర్ల లారీకి 2018 తర్వాత అనుమతించిన మొత్తం బరువు 28.5 టన్నులు, అంతకుముందు 25 ఉండేది. అది సరిగ్గా 28.5 టన్నులతో పోయినా ఒక్క ట్రిప్పుకు దాదాపు అయిదు స్టాండర్డ్ యాక్సిళ్ల నష్టం. లక్షను అయిదుతో భాగిస్తే ఇరవై వేల ట్రిప్పులు. పదేళ్లకు పంచితే రోజుకు అయిదారు లోడు లారీలు. అంతే. మీరు చెప్పినట్టు రోజుకు అరవై పోతుంటే ఆ రోడ్డు పదేళ్ల ఆయుష్షు పదకొండు నెలల్లో అయిపోయింది. అదీ ఒక్క కిలో ఓవర్‌లోడు లేకుండా. నూటికి ఇరవై ఎక్కువ వేసుకుంటే నష్టం రెట్టింపు, పదకొండు నెలలు కాస్తా అయిదున్నర నెలలు అవుతుంది. కాంట్రాక్టరు తినేశాడు అని ఊళ్లో అంటుంటారు, తిని ఉండొచ్చు కూడా, నేను వెనకేసుకు రావట్లేదు. కానీ నిజాయితీగా వేసిన పల్లె రోడ్డు కూడా ఈ లెక్కకు ఆగదు.

ఈ లెక్క మీకు ఎందుకు చెప్తున్నానంటే అర్జీలో ఇది ఉంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) గారు కాదనలేడు. "రోడ్డు పాడైంది, లారీలు ఆపండి" అని వచ్చే అర్జీలు సోమవారం గ్రీవెన్స్‌లో కట్టలు కట్టలు ఉంటాయి. "ఈ రోడ్డు ఇన్ని యాక్సిళ్లకు డిజైన్ చేశారు, రోజుకు ఇన్ని పోతున్నాయి" అని ఎవరూ రాయరు. డిజైన్ తరగతి ఏదో మీకు డివిజన్ ఆఫీసులో చెప్తారు, చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు కాపీ అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. రోడ్డు ఎవరిదో తెలియదన్నారు కదా, కిలోమీటరు రాయి తల చూడండి. నారింజ రంగైతే పల్లె రోడ్డు, ఆకుపచ్చైతే స్టేట్ హైవే, పసుపైతే నేషనల్ హైవే. నారింజ తల ఉండి, ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన బోర్డు కూడా ఉంటే తేదీ చూసుకోండి, అయిదేళ్ల లోపైతే నిర్వహణ బాధ్యత ఇంకా కాంట్రాక్టరుదే. ఓవర్‌లోడు లారీల వల్ల పాడైంది, నాకేం సంబంధం అంటాడు ఖాయంగా. అప్పుడు "అయితే ఆ మాటే రాసివ్వు" అనండి. ఆ కాగితం మీ అర్జీకి జత చేయండి.

తర్వాత లెక్కింపు. ఇంజినీర్లు పల్లె రోడ్ల మీద మూడు రోజులు, రాత్రీ పగలూ కలిపి బండ్లు లెక్కపెడతారు. ఆ పని మీరే ముందు చేసుకుంటే మంచిది, డిగ్రీ చదివే పిల్లలు ఉంటారుగా. ఒక్క చోట కూర్చుని లెక్కపెట్టడం కాదు, రెండు చివర్లా ఇద్దరిద్దరు కూర్చోవాలి. టైము, టైర్లు ఎన్ని, లోడా ఖాళీనా, నంబరు ప్లేటులో చివరి నాలుగు అంకెలు. లోడు తెలియకపోతే వెనక స్ప్రింగు కట్టలు చూడండి, పట్టీలు చదునుగా పరుచుకుని ఉంటే లోడు, విల్లులా వంగి ఉంటే ఖాళీ. రాత్రికి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి అంకెలు కలపండి. ఒక చివర ఎక్కి ఇరవై నిమిషాల్లో రెండో చివర దిగింది అంటే అది దారిన పోయే బండి. ఎక్కి, గంటన్నర తర్వాత వచ్చిన దారినే వెనక్కి పోయింది అంటే ఊళ్లో ఎవరికో ఇసుకో సిమెంటో దింపింది, అది మీ సొంత బండి కిందే లెక్క. ఈ కలపడంలో ఊరికి ఇష్టంలేని నిజాలు కూడా బయటపడతాయి. అడ్డదారి లారీల్లో రెండు మూడు మీ ఊరి పెద్దమనిషివో, ఆయన బావమరిదివో అయి ఉంటాయి. గ్రామసభ కంటే ముందే ఆయనతో విడిగా మాట్లాడుకోండి, సభలో పేరు తీస్తే పంతానికి పోతాడు.

ఇంకో ప్రశ్న ఎవరూ వేయరు. ఆ డ్రైవర్లు ఇటు ఎందుకు వస్తున్నారు? మీ ఊరి మీద వాళ్లకేం పగ లేదు. గుంతల్లో పది కిలోమీటర్ల వేగంతో పోవడం వాళ్లకూ ఇష్టం కాదు, స్ప్రింగు కట్టలు విరుగుతాయి, టైర్లు పోతాయి. అయినా వస్తున్నారంటే పెద్ద రోడ్డు మీద అంతకంటే పెద్ద తలనొప్పి ఏదో ఉంది. మన దిక్కున మామూలుగా కనిపించేవి కొన్ని ఉన్నాయి. గుత్తి నుంచి తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప మీదుగా రేణిగుంటకు పోయే రైల్వే లైను ముంబై–చెన్నై ప్రధాన లైను, గూడ్సు బండ్లకు లెక్కే లేదు, గేటు పడిందంటే అరగంట. టోల్ ఒకటి, హైదరాబాద్–బెంగళూరు హైవే మీద అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్ గేట్ల దగ్గర కూడా పక్క పల్లెల్లో దూరే బండ్లు ఉంటాయి. మూడోది రవాణా శాఖ (ఆర్టీఏ) చెకింగు, లారీ బరువు తూచే కాటా దగ్గరకు పోకుండా ఉండటం. ఒక్కోదానికి మందు వేరు. రైల్వే గేటే కారణమైతే అక్కడ పైవంతెన వచ్చిన రోజున మీ లారీలు వాటంతటవే మాయమవుతాయి, మీకు కావాల్సింది అప్పటిదాకా తాత్కాలిక నిషేధం. ఓవర్‌లోడు దాచుకోవడానికే వస్తున్నారంటే నిషేధం బోర్డు చూసి ఆగేవాళ్లు కాదు, వాళ్లకు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు (ఎంవీఐ) గారు, కాటా రెండూ కావాలి. పెద్ద రోడ్డు మీద వంతెన పోయి మళ్లించిన ట్రాఫిక్ అయితే ఇంకో కథ. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని మీద వంతెన కూలినప్పుడు ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు, పెద్ద రోడ్డు ఆగితే ఆ బరువంతా ఎవరి నెత్తినో పడాలి. అలాంటప్పుడు లారీలను ఆపమనడం న్యాయం కాదు, మళ్లించిన శాఖే ఈ రోడ్డు బాగుచేసి ఇవ్వాలని అడగడం న్యాయం.

సరే, ఎక్కడ మూయాలి. అందరూ రెండు చివర్లా అంటారు. నేను మధ్యలో అంటాను. చివర్లో మూస్తే లోపలికి రావాల్సిన ప్రతి బండికీ మినహాయింపు ఇవ్వాలి, అంటే గ్యాస్ సిలిండర్ల లారీ, రేషన్ లారీ, ఎరువుల లారీ, బోరు లారీ, వరికోత మిషను, ఆర్టీసీ బస్సు, స్కూలు బస్సు, అన్నిటికీ తాళం తీయాలి. గేటు దగ్గర ఎవరో ఒకడు ఇరవై నాలుగు గంటలూ ఉండాలి, ఆ మనిషికి జీతం ఎవరిస్తారు? ఇచ్చినా నెల తిరక్కుండానే లారీకి వంద తీసుకుని గేటు ఎత్తడం మొదలవుతుంది. మధ్యలో ఒక్కచోట మూస్తే ఏ ఇంటికైనా, ఏ చేనుకైనా రెండు వైపుల్లో ఒక వైపు నుంచి పోవచ్చు. బోరు లారీని కూడా ఎవరూ ఆపక్కర్లేదు, అది వచ్చిన వైపు నుంచే పోతుంది. ఆగేది ఒక్క ఆరపార పోయే లారీ మాత్రమే. దానికి ఈ రోడ్డు ఇక అడ్డదారి కాదు, మూసుకుపోయిన సందు. రావడం మానేస్తుంది.

మధ్యలో అంటే ఎక్కడ? మీ వంక మీద, రోడ్డు కింద నీళ్లు పోయే తూము దగ్గర. మీరు పెట్టిన ఫొటోల్లో రెండోదాన్ని పెద్దది చేసి చూశాను. తూము మీద బీటీ గిన్నెలా దిగిపోయింది, ఎడమ పక్క పిట్టగోడ రాయి విడిపోయి బయటికి వాలింది. అది పైపు పగిలిన గుర్తు కావొచ్చు. వంకలో నీళ్లు లేనప్పుడు దిగి, ఒక చివర వంగి సెల్ టార్చ్ వేసి లోపలికి చూడండి. లోపలికి దూరొద్దు, పాములు సరే, పైన లారీ పోతుంటే పెళ్ల ఊడి పడుతుంది. పైపు నెత్తి మీద పొడుగునా నెర్రె కనిపించినా, పైపు గుండ్రం పోయి అడ్డంగా సాగినట్టు ఉన్నా, రెండు పైపుల అతుకు దగ్గర మట్టి కారిన చారలు ఉన్నా ఫొటో తీయండి. పైపు కాకుండా స్లాబు కల్వర్టు అయితే అడుగు భాగం చూడండి, పెచ్చులూడి తుప్పు పట్టిన కమ్మీ బయటికి కనిపిస్తే చాలు. ఫొటోలో పక్కన స్కేలో, కొలత తెలిసిన వస్తువో ఏదో ఒకటి పెట్టండి, నెర్రె ఎంతుందో తెలియాలి.

ఆ ఫొటో మీకు రెండు పనులు చేస్తుంది. 115లో "రోడ్డు గానీ వంతెన గానీ ఉన్న తీరు" అన్న మాట ఉందని చెప్పానుగా, బలహీనపడిన తూము కంటే గట్టి కారణం ఇంకోటి లేదు. గుంతలు అంటే పూడుస్తాం అంటారు, తూము కూలిపోతుంది అంటే సంతకం పెట్టకుండా ఉండాలన్నా భయపడతారు, రేపు స్కూలు ఆటో పడితే ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో అడుగుతారని వాళ్లకు తెలుసు. రెండోది, గేటు ఎక్కడ పెట్టాలో కూడా అక్కడే తేలిపోతుంది. పక్కన వంక ఉంది కాబట్టి చేలల్లోంచి చుట్టు తిరిగి పోవడానికి లారీకి వీలుండదు. మైదానంలో గేటు పెడితే వారం రోజుల్లో పక్క చేనులో కొత్త బాట పడుతుంది, ఆ రైతుతో ఇంకో పంచాయితీ.

మీ ఆర్టీసీ పల్లెవెలుగు ఆ తూము మీదుగానే పోతుందని రాశారు. తూముకు అదీ బరువే, కానీ లోడు లారీ అంత కాదు. దాని సంగతి ఇంజినీరు తూము చూసి తేలుస్తాడు. ఈలోగా డిపో మేనేజరును కలిసి మాట్లాడుకోండి, బస్సు ఒక వైపు నుంచి ఊరిదాకా వచ్చి తిరిగిపోయేలా మార్చుకోవచ్చు. తాళం పద్ధతి అయితే రెండు తాళం చెవులు చాలు, సచివాలయంలో ఒకటి, తూము దగ్గర ఇల్లున్న మనిషి దగ్గర ఇంకోటి. 108 బండికీ ఫైరింజనుకూ ఆ మనిషి ఫోన్ నంబరు గేటు మీదే పెద్దగా రాయించండి. బైకులు, ఆటోలు, ఎడ్లబండి, గొర్రెలు పోవడానికి పక్కన సందు వదలండి.

హైటు గేజు గురించి చాలామంది అడుగుతారు, ఇనుప కమాను పెట్టి ఎత్తు లారీలు పోకుండా చేసేది. పట్నంలో ఫ్లైఓవర్ కింద బాగుంటుంది. పల్లెలో నేను ఇష్టపడను. నాపరాళ్ల లారీ సరుకు ఎత్తుగా ఉండదు, బరువుగా ఉంటుంది, ఎత్తు దాని కేబిన్‌ది మాత్రమే, కాబట్టి కమాను బాగా కిందికి దించాలి. అలా దించితే బస్సు పోదు, ఫైరింజను పోదు, వరిగడ్డి ట్రాక్టరు పోదు. గడ్డి మీద పడుకుని వచ్చే కూలీలు చీకట్లో ఆ ఇనుప గొట్టాన్ని చూసుకోరు. ఇంతకంటే విడమర్చి చెప్పను.

బోర్డు గేటు దగ్గర పెడితే లాభం లేదు. నలభై అడుగుల బండిని పన్నెండు అడుగుల రోడ్డు మీద మూడు కిలోమీటర్లు రివర్సు కొట్టమంటే డ్రైవరు గేటే విరగ్గొడతాడు. పెద్ద రోడ్డు మీద మలుపు రాకముందే, రెండు వైపులా, బండి నెమ్మదించి ఆలోచించుకోవడానికి సరిపడా దూరంలో పెట్టాలి: ముందు తూము బలహీనం, భారీ వాహనాలు ఆరపార పోవు, ఫలానా రోడ్డు మీదుగా పొండి అని. తెలుగులోనే కాదు, హిందీలో కూడా రాయించండి, బూడిద ట్యాంకర్ల డ్రైవర్లు చాలామంది బయటి రాష్ట్రాల వాళ్లు. దాంతోపాటు గేటుకు ఇవతల ఒక చోట లారీ తిరగడానికి జాగా చూడండి, పంచాయతీ స్థలం గానీ పాత కళ్లం గానీ, గ్రావెల్ పోసి రోలర్ తొక్కిస్తే చాలు. గూగుల్ మ్యాప్స్‌లో కూడా రోడ్డు మూసినట్టు ఎడిట్ పెట్టించండి, ఉత్తర్వు వచ్చాకే. కొత్త డ్రైవరు బోర్డు కంటే ముందు ఫోన్ చూస్తాడు.

ఇప్పుడు నెల రోజుల సంగతికి వద్దాం. మీరు నేరుగా పర్మనెంటు నిషేధం అడిగితే ఫైలు కలెక్టరేట్‌కూ అమరావతికీ మధ్య తిరుగుతుంది. దానికంటే అక్టోబరుకు ముందు, వానలు పట్టేలోపు, నెల రోజుల తాత్కాలిక నిషేధం అడగండి. కడప జిల్లాకు ఈశాన్య రుతుపవనాల దెబ్బ అక్టోబరు, నవంబరుల్లోనే. నల్లరేగడి ఆ రెండు నెలల్లో తడిసి ఉబ్బి, రోడ్డు కింద బలం పూర్తిగా పోతుంది. ఎండాకాలంలో పది లారీలు చేసే నష్టం తడి నేల మీద ఒకటి రెండు లారీలు చేసేస్తాయి. చలిదేశాల్లో మంచు కరిగే నెలల్లో పల్లె రోడ్ల మీద యాక్సిల్ బరువు తగ్గిస్తారు, కారణం ఇదే. మన దగ్గర మంచు లేదు గానీ రేగడి ఉంది. ఆ నెలలో గేటు ఎలా పనిచేసింది, లారీలు ఎటు పోయాయి, ఊళ్లో ఎవరికి ఇబ్బంది వచ్చింది అన్నది చూసుకుని గెజిట్ ఉత్తర్వు అడిగితే అధికారులకు కూడా ధైర్యం ఉంటుంది.

అర్జీ ఎవరికి అన్నారు. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కలెక్టరు గారికి, కాపీలు పంచాయతీరాజ్ ఈఈకి, ఎస్పీ ఆఫీసుకు, రవాణా శాఖకు. కలెక్టరు అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, అందులో ఈ శాఖలన్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాయి. మీ అంశాన్ని దాని ఎజెండాలో పెట్టమని అర్జీలోనే అడగండి. లేకపోతే పోలీసులు ఇంజినీర్లనూ, ఇంజినీర్లు రవాణా శాఖనూ చూపిస్తారు, మీరు కాళ్లరిగేలా తిరుగుతారు. జత చేయాల్సినవి గ్రామసభ తీర్మానం, లెక్క పుస్తకాల నకళ్లు, తూము ఫొటోలు, లారీలు పోవాల్సిన వేరే దారి గీసిన మ్యాపు. ఆఖరిది మర్చిపోతే అర్జీ వెనక్కి వస్తుంది, ఎందుకంటే ఆపమని ఎవరైనా అంటారు, ఎటు పొమ్మనాలో చెప్పాల్సింది సంతకం పెట్టేవాళ్లు.

ఆ వేరే దారి పక్క ఊరి మీదుగా పోతుంటే మాత్రం ముందు ఆ ఊరికి పోయి సర్పంచిని కలవండి. మీ అరవై లారీలు రేపు వాళ్ల రోడ్డెక్కుతాయి. వాళ్ల రోడ్డు కూడా మూడు మీటర్ల డెబ్బై అయిదు సెంటీమీటర్లదే. రెండు ఊళ్లూ కలిసి ఒకే అర్జీ పెడితే లారీలు హైవే దాకా పోక తప్పదు, విడివిడిగా పెడితే ఒకరి మీద ఒకరు కోర్టుకు పోతారు.

మూశాక ఏమిటి. నిజం చెప్పాలంటే మూయడం వల్ల రోడ్డు బాగుపడదు, పాడవడం నెమ్మదిస్తుంది అంతే. మీ ఫొటోల్లో నాకు లారీల కంటే నీళ్లు ఎక్కువ కనిపిస్తున్నాయి. లారీ వెడల్పు రెండున్నర మీటర్లు, రోడ్డు మూడుముప్పావు, ఎదురెదురుగా రెండు వచ్చాయంటే రెండూ ఒక్కో పక్క చక్రాలు మట్టిలోకి దించాల్సిందే. అలా దిగి దిగి బీటీ అంచు పక్కన మట్టి అరడుగు కిందికి పోయింది, అంచు బిస్కెట్టులా విరిగి పడుతోంది. ఇంకో పక్క మట్టి మేట వేసి రోడ్డు కంటే ఎత్తయింది, వాన నీళ్లు పక్కకు పోకుండా రోడ్డు మీదే నిలబడుతున్నాయి. ఆ నీళ్లు నెర్రెల్లోంచి కింది కంకరలోకి, అక్కడి నుంచి రేగడిలోకి దిగుతాయి. అందుకని మూసిన వెంటనే చేయాల్సిన పని తారు కాదు. ఎత్తైన మట్టి చెక్కేయడం, దిగిన అంచులకు గ్రావెల్ పోసి గట్టిగా తొక్కించడం, సైడు కాలువలు వంకదాకా తీయడం, తూము మార్చడం. ఇవి అయ్యాకే తారు. వరస తిప్పితే, మండల మీటింగులో ఫొటోల కోసం ముందు తారు వేస్తే, రెండు వానలకు మళ్లీ మొదటికే.

డబ్బు సంగతి. మట్టి పని, కాలువల పని ఉపాధి హామీ లాంటి పనుల్లో ఇమడొచ్చు, మండల ఆఫీసులో అడగండి. తూముకు ఆర్థిక సంఘం నిధులు పంచాయతీ దగ్గర ఉన్నాయేమో చూడండి. సున్నపురాయి గనులు చుట్టూ ఉన్న ఊరు మీది. గనుల వాళ్లు కట్టే సొమ్ముతో జిల్లా ఖనిజ నిధి నడుస్తుంది, 2015 చట్ట సవరణతో వచ్చింది, గనుల ప్రభావం పడిన ఊళ్లలో రోడ్లకు కూడా వాడొచ్చు. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో అడిగి, లేకపోతే చేర్చమని ఇంకో అర్జీ పెట్టండి. ఫ్యాక్టరీ వాళ్లను కూడా శత్రువుల్లా చూడకండి. లారీలు వాళ్లవి కావు, ట్రాన్స్‌పోర్టర్లవి. గేట్‌పాసు మీద ఏ దారిన పోవాలో ముద్ర వేయమని కలెక్టరు మీటింగులో అడిగితే ఒప్పుకునేవాళ్లు ఉంటారు, ఆ ముద్ర ఒక్కటి పది బోర్డుల పని చేస్తుంది.

మీ ఊళ్లో వ్యతిరేకించేవాళ్లు ఎవరో నాకు తెలుసు, ఏ ఊళ్లోనైనా వాళ్లే. రోడ్డు పక్క టీ బంకు, పంక్చరు షాపు, డాబా. వాళ్లది కూడా బతుకుదెరువే. ఖాళీ లారీలను వదిలి లోడు లారీలను మాత్రమే ఆపుదామా అని వాళ్లు ఒక రాజీ చెప్తారు. కాగితం మీద అది తప్పు మాట కాదు, ఖాళీ లారీ నష్టం నిజంగానే చాలా తక్కువ. ఆచరణలో మాత్రం టార్పాలిన్ కింద ఏముందో అర్ధరాత్రి ఎవరు చూస్తారు? వేసవిలో, తూము మార్చాక, ఒక్క వైపు మాత్రం ఖాళీ బండ్లు అంటే ఆలోచించొచ్చు. తూము ఇప్పుడున్న స్థితిలో అయితే ససేమిరా వద్దు.

ప్రస్తుతానికి తూము లోపలి ఫొటో, పైపు అడ్డం కొలత, పైపు మీద నుంచి రోడ్డు దాకా మట్టి ఎన్ని అడుగులుందో కొలిచి ఇక్కడే పెట్టండి. మట్టి రెండడుగుల లోపుంటే గ్రామసభ దాకా కూడా ఆగొద్దు, ఆ రోజే అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)కి ఫోన్ చేసి వచ్చి చూడమనండి. అర్జీ నమూనా ఒకటి నేను రాసి కింద పెడతాను, రోజుకు ఎన్ని లోడు లారీలు అన్న చోట ఖాళీ వదులుతా, మీ లెక్క వచ్చాక నింపుకోండి.